పాత నవలలో బావి

పాత నవలలను ఇప్పుడు కుర్రకారు కోసం థ్రిల్లర్లుగా తిరగరాస్తున్నారు కదా. మా మహబూబాబాద్ కాలేజీ లైబ్రరీకి అలాంటిదొకటి వచ్చింది. పాత నవలలో చిన్నకోడలు కాలు జారి బావిలో పడి చనిపోతుంది. కొత్తదానిలో ఆమె చెల్లెలు హంతకుణ్ణి పట్టిస్తుంది. తండా నుంచి వచ్చే ఇంటర్ అమ్మాయికి మురిపెంగా రెండూ ఇచ్చాను.

ఈ రోజు తిరిగి తెచ్చింది. "కొత్తది ఎట్లున్నది?" అన్నాను.

"మంచిగనే ఉన్నది మేడం. గని పాతదే నిజమనిపిస్తది. మా అక్క బాయిల పడ్డప్పుడు గూడ కాలు జారిందనే అన్నరు. ఎవరు తోసిండ్రని నేను అడిగిన. తెల్లారి బాయి పూడ్చిండ్రు."

రిజిస్టరులో సంతకం పెట్టి బస్సుకు వెళ్లిపోయింది.

ఆ పాత నవల నేను నాలుగుసార్లు చదివాను. బావి దగ్గర ఒక్కసారీ ఆగలేదు. మీరెవరైనా ఆగారా?