యూరప్ ప్రయాణానికి మెట్రోలో రిహార్సల్

పోయిన వేసవిలో ఒక ఆదివారం హైటెక్ సిటీలో ఒక కుటుంబం నేనున్న మెట్రో ఎక్కింది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు, నాలుగు పెద్ద పెట్టెలు.

"నలభై రోజులు యూరప్ అంతా రైళ్లలోనేనండి. అక్కడ బండి ఎక్కువసేపు ఆగదు. అందుకే దిగడం ప్రాక్టీస్ చేస్తున్నాం" అన్నాడు తండ్రి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చూపిస్తూ.

కాలినడకన కాశీకి వెళ్లినవాళ్ల యాత్రలెన్నో గ్రంథాలయంలో కూర్చుని చదివినవాణ్ణి. నాకు నవ్వొచ్చింది. బండి దిగడానికే రిహార్సల్ కావలసినవాడు ప్రపంచంలో ఏం చూస్తాడు?

దుర్గం చెరువు స్టేషన్‌లో పెట్టెలన్నీ క్షేమంగా దిగాయి. వాటి వెనక ముగ్గురు దిగారు. తలుపులు మూసుకున్నాక చూస్తే, నాలుగేళ్ల చిన్నది నా పక్కనే ఉంది.

"తప్పిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఉండాలి తాతా. నువ్వూ రా" అంది.

ఇద్దరం మాదాపూర్‌లో దిగాం. వెనక బండిలో తండ్రి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"పిల్లకన్న పెట్టెలు ఎక్కువైనయా? గీ తెలివితోనే దేశాలు తిరుగుతవా?" అని ప్లాట్‌ఫాం అంతా వినపడేలా అరిచాను.

అతను కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "భయపడ్డావా నాన్నా?" అన్నాడు.

"నేను కాదు, ఈ తాత భయపడ్డాడు. నేనే చెయ్యి పట్టుకుని దింపా."