పచ్చదీపాన్ని నమ్మిన పోలేశ్వరి

మా పోలేశ్వరి ఇక లేదు.  గత మాసం ఒక సాయంత్రం పోర్ట్ బ్లెయిర్‌లోని హాడోలో మా క్వార్టర్ ముందు మొక్కలకు నీళ్ళు పోస్తుండగా నా పూర్వ విద్యార్థి ఒకడు స్కూటర్ ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా, “మాస్టర్‌జీ, పోలీ దీదీ వెళ్ళిన డింగీ పలట్ గయా” అన్నాడు. ఆమె వెళ్ళిన చిన్న పడవ బోల్తాపడిందట.

“వాళ్ళ నాన్న అప్పన్న?” అన్నాను.

“అంకుల్ మిల్ గయే.”

దొరికింది ఆయన ఒక్కడేనట.

ఆమెను ఎరగనివారి కోసం నాలుగు మాటలు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన మత్స్యకారుడు అప్పన్నకూ, నూకాలమ్మకూ ఏకైక సంతానం పోలేశ్వరి. పాఠశాలలో నా దగ్గర భౌతికశాస్త్రం చదివింది. ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరంలో ఉండగా మృత్యువు ఆమెను అపహరించింది.

ఆమె కళాశాలలో చేరిన ఏడాదే నూకాలమ్మ తమ్ముడు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోయింది. ఫోన్ అందని చోటు. కొన్నాళ్ళకు ఖాళీ డింగీ మాత్రం దొరికింది. ఆ దుఃఖదినాల్లో పోలేశ్వరి మా ఇంటికి వచ్చి, టీ కూడా ముట్టకుండా, “సిగ్నల్ లేనిచోట మనిషి ఎలా అరవాలి మాస్టారూ?” అని అడిగింది. నాకు తెలిసిన రేడియో తరంగాల పాఠం చెప్పాను. మిగిలిన చదువంతా ఆ ప్రశ్న కోసమే చదివింది.

చివరికి ఒక చిన్న పెట్టె తయారుచేసింది. డింగీలో ఉన్నవాడు ఆపదలో మీట నొక్కితే ఒడ్డున చేపలు నిలవచేసే ఐస్ షెడ్డులో పెట్టిన యంత్రం మోగుతుంది. ఒడ్డునున్నవాడు ఆ మోత ఆపడానికి తన మీట నొక్కగానే, డింగీలోని పెట్టె మీద పచ్చదీపం వెలుగుతుంది. మీ కేక మాకు అందింది అని దాని అర్థం. ఆ దీపమంటే ఆమెకు ఎంత మురిపెమో! “మావయ్య ఒక్కడే అయిపోయాడు మాస్టారూ. ఎవరో విన్నారని తెలిస్తే మనిషి ఇంకో గంట బతుకుతాడు” అనేది.

తెలుగు చక్కగా మాట్లాడేది గానీ, చదువు హిందీ, ఇంగ్లీషుల్లో కావడంతో అక్షరాలు అంతగా వచ్చేవి కావు. మీట పక్కన తెలుగులో ఏం రాయాలని నన్నే అడిగింది. ‘ఆపత్సంకేతం’ అన్నాను. పకపకా నవ్వింది. “అది చదివేలోపు మునిగిపోతారు మాస్టారూ!” చివరకు వంకర టింకర అక్షరాలతో తానే రాసుకుంది: ‘రండి’. అలాంటి పెట్టెలు మరికొన్ని చేసి బస్తీ డింగీలకు బిగించింది.

బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఆమెను ఎంపిక చేసుకుంది. కాదంది. ఆ వార్త విన్న నూకాలమ్మ వీధిలో నిలబడి, “బెంగుళూరు ఉజ్జోగం ఒగ్గీసి డింగీలెంట తిరుగుతాదట! దీన్ని ఇందుకేనా సదివించినాం?” అని తలబాదుకుంది. లోకానికి ఉపకరించే పని చేయాలన్న సంకల్పం ఉన్నతమైనదే, కానీ ముందు నీ కాళ్ళ మీద నువ్వు నిలబడమని నేనూ హితబోధ చేశాను. “లోకం ఎంతుంటాదో నాకు తెలీదు మాస్టారూ. మా బస్తీ మగాళ్ళు ఇంటికి రావాలి. అయ్యాక బెంగుళూరు చూద్దాం” అంది.

ప్రమాదం జరిగిన నాటి ఉదయం, పెట్టె ఎంత దూరం పనిచేస్తుందో చూడాలని తండ్రితో కలిసి డింగీలో బయలుదేరింది. ఐస్ షెడ్డులో ఉండే ఇంజన్ మెకానిక్ దిలీప్‌తో, “ఈరోజు టెస్టింగ్, మోగుతుంటుంది” అని చెప్పి మరీ వెళ్ళింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పెద్ద కెరటానికి డింగీ బోర్లాపడింది. కూర్చునే పలక కింద పెట్టిన లైఫ్ జాకెట్లు కొట్టుకుపోయాయి. టెస్టింగ్ కోసం మెడలో వేసుకున్న పెట్టె మీట నొక్కింది పోలేశ్వరి. ఒడ్డున యంత్రం మోగింది. టెస్టింగ్ అనుకున్నాడు దిలీప్. మోత ఆపడానికి మీట నొక్కాడు. సముద్రంలో పచ్చదీపం వెలిగింది.

కనుచూపు మేరలో ఒక చిన్న దీవి ఉంది. “నా ఈపు అట్టుకో అమ్మా, ఈదీద్దాం” అన్నాడట అప్పన్న.

“వద్దు నాన్నా. పచ్చలైటు ఎలిగింది చూడు. విన్నారు. బోటు వొదిలితే మనం వాళ్ళకి కనబడం.”

వాళ్ళు డింగీని పట్టుకుని ఎదురుచూశారు. ప్రవాహం దీవిని దూరం చేసింది. “వస్తారు నాన్నా” అంటూనే ఉందట. ఒక కెరటం ఆమె పట్టు విడిపించింది. చీకటి పడకముందు వేట ముగించి వస్తున్న బోటు అప్పన్నను చూసింది. మరునాడు ఆ బిడ్డ దేహం దొరికింది.

కర్మ జరిగిన రోజున దిలీప్ వచ్చి గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు. “చాచీ, సుబహ్ దీదీ హీ బోలీ థీ...” అని, పొద్దున టెస్టింగ్ అని ఆమే చెప్పిందన్న సంగతి మొదలుపెట్టాడు. నూకాలమ్మ అతని వంక నిదానంగా చూసి, “మోత నీకు ఇసుగెత్తింది. నొక్కీసినావు. ఇంక ఎల్లు బాబూ” అంది. అతడు ఆ షెడ్డు పని మానేశాడని తర్వాత విన్నాను.

సంతాపసభలో ఒక పెద్దమనిషి, పోలేశ్వరి బలిదానం వృథా కాలేదనీ, ఆమె యువతరానికి మార్గదర్శి అనీ గంభీరంగా ప్రసంగించాడు. వెనక వరుసలో అప్పన్న లేచాడు.

“వృథాయేనండి. ఆ పెట్టెలు అచ్చిరానివని అందరూ ఊడదీసి పారేసినారు. నా గుంట పోనాది. ఏటీ మిగల్నేదు.”

అప్పన్న మళ్ళీ వేటకు వెళుతున్నాడు, వెళ్ళక గడవదు గనుక. డింగీలో ఏ పెట్టె కూడా లేదు.

ఆ పరికరంలోని లోపం స్వల్పమైనది. మోత ఆపే మీట ఒకటి, సాయం పంపుతున్నామని తెలిపే మీట మరొకటి వేరువేరుగా ఉంటే చాలు. ఈపాటి సంగతి వృద్ధుడనైన నాకే తోచింది. పోలేశ్వరి బతికి వచ్చి ఉంటే, తడి బట్టలు మార్చుకోకముందే ఆ పనికి కూర్చునేది. అశ్రునయనాలతో ఆ చిరంజీవికి నమస్కరిస్తున్నాను. ఆ లోపాన్ని సరిదిద్దాలన్న పట్టుదల ఉన్న మనిషి ఈ దీవుల్లో ఒక్కతే ఉండేది.