బల్ల మీద రాయని అర్థాలు

ఆ దర్జీకి బట్ట కోయడం చేతనైన పని, బామ్మర్దితో వాదించడం ఇష్టమైన పని. భార్య తమ్ముడు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవాడు. సాయంత్రం క్లాసులు కాగానే చంకలో గొడుగుతో దుకాణంలోకి వచ్చి, ఇస్త్రీ బల్ల పక్కకి స్టూలు లాక్కునేవాడు.

వాళ్లకొక కట్టుబాటు ఉండేది. దేని మీద వాదించాలన్నా ముందు ఆ మాటకు అర్థం ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది దర్జీ తన సుద్దముక్కతో బట్టలు కోసే బల్ల మీద రాయాలి. ఆ తర్వాతే వాదం. అన్నేళ్లలో ఆ బల్ల మీద ఒక్క అర్థం పడితే ఒట్టు! దేవుడున్నాడా లేడా అని మొదలుపెట్టి, 'ఉండటం' అంటే ఏమిటో తేలక దుకాణం కట్టేసేవాళ్లు.

బామ్మర్దికి మాట దొరికితే చాలు, వేళ్లదాకా తవ్వేవాడు. "ధర్మం అంటే మూలంలో పట్టి నిలిపేది బావా. అదే అర్థం, ఇంకో మాట లేదు."

"అలాగైతే నా ప్యాంటుని పట్టి నిలిపే బెల్టుకి రోజూ దండం పెట్టాలి కదరా! మాట పుట్టిల్లు ఎక్కడని కాదు, మెట్టినింట్లో ఏం చేస్తోందో చూడు."

"నా మెట్టినింట్లో నేను టీ కాస్తున్నా. అదెవరైనా చూస్తున్నారా?" అని లోపలి గదిలోంచి దర్జీ భార్య అరిచేది.

ఎంత మంచి రోజులవి! మిషన్ తొక్కుతున్నా దర్జీకి రేపు ఏం జవాబివ్వాలన్నదే ధ్యాస. ఆ ధ్యాసలో ఒకసారి ఎవరి చొక్కాకో రెండు చేతులూ ఎడమవే కుట్టేశాడు.

రిటైరైన కొన్నాళ్లకు బామ్మర్ది మరిచిపోవడం మొదలుపెట్టాడు. ముందు పేర్లు, తర్వాత వీధులు, ఆ తర్వాత మనుషులు. అక్క తన ఇంటికే తెచ్చుకుంది. మాట్లాడిస్తూ ఉండమన్నాడు డాక్టరు. రోజూ ఆ స్టూలు మీదే కూర్చునేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. ఇలాగే మాట్లాడకుండా చేజారిపోతాడేమోనని దర్జీకి భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం తెగించాడు. తన పక్షం వదిలేసి బామ్మర్ది పక్షం పట్టాడు. ఇన్నేళ్లూ తాను వెక్కిరించిన పాఠాన్నే అప్పజెప్పాడు.

"స్నేహం అంటే మూలంలో జిడ్డు, అంటుకునే గుణం. అదే అర్థం, ఇంకో మాట లేదు."

బామ్మర్ది తలెత్తాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"అదెలా కుదురుతుందండీ? జేబు కూడా చొక్కాకి అంటుకునే ఉంటుంది. వాటి మధ్య స్నేహముందా?"

దర్జీ ఊరుకుంటాడా? మాట తర్వాత మాటకు మూలం తీశాడు. బామ్మర్ది అన్నిటినీ చీల్చి చెండాడాడు. కత్తెర పక్కన పడేసి వాదించాడు దర్జీ. ఓడిపోవడంలో ఇంత ఆనందముందని అతనికి అప్పటిదాకా తెలియదు.

టీ అందుకుంటూ బామ్మర్ది అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఓడినా బాగా వాదించారు. ఎవరి దగ్గర చదువుకున్నారు?"

దర్జీ పక్కన పడేసిన కత్తెర మళ్లీ అందుకున్నాడు. భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మా బామ్మర్ది దగ్గర."

"గట్టివాడే. రేపు ఆయన్నీ వెంటబెట్టుకు రండి. ఇక్కడ నాతో వాదించేవాళ్లు ఎవరూ లేరు."

"అలాగేనండీ," అన్నాడు దర్జీ. బామ్మర్దిని 'అండీ' అనడం అతనికి అదే మొదలు.