చెక్క పీపా తాగిన ద్రాక్షసారా

కువైట్‌లోని మిష్రిఫ్‌లో నేను పనిచేసే ఇంట్లో, పెళ్ళికని తెప్పించిన ద్రాక్షపెట్టెలు కోల్డ్ రూములో గోడెత్తున ఉన్నాయి. ఇరాక్ సైన్యం దిగిన వారానికే మేం మామా అని పిలిచే యజమానురాలి కుటుంబమంతా సౌదీకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ మా పాస్‌పోర్టులు మా చేతుల్లో పెట్టింది, అదే పదివేలు. మిగిలింది కోనసీమదాన్ని నేను, కడప డ్రైవరన్న, ఆ ద్రాక్ష.

ఇంటికి చేరాలంటే ముందు బాగ్దాద్ బస్సు ఎక్కాలి. ఒక ఇరాకీ బస్సు డ్రైవరు, హాల్లో అలంకారానికి పెట్టిన ఆరు లీటర్ల చెక్క పీపాని చూసి బేరం పెట్టాడు. దాని నిండా ద్రాక్షసారా ఇస్తే రెండు సీట్లు. చెక్కలో ఊరితేనే రుచి, నెలన్నరకి వస్తానన్నాడు.

మా ఇంట్లో సారా మాటెత్తితే చీపురు తిరగేసేవాళ్ళు. అలాంటిదాన్ని కాళ్ళు కడుక్కుని తొట్టెలో దిగి ద్రాక్ష తొక్కాను. ఎంత హుషారొచ్చిందో చెప్పలేను. పది రోజులకి రసం బుడగలొచ్చి పులిసింది. అన్న ఏసీ రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి పెద్ద కుక్కరుకి బిగించి, సందుల్లో గోధుమపిండి మెత్తి, చుట్టని ఐసు బక్కెట్లో ముంచాడు. మొదట కారిన గ్లాసుడూ గోడ మొదట్లో పారబోశాడు.

"అది గంగమ్మది. మనం తాగితే కండ్లు పోతాయి."

ఆ తర్వాత చుక్క చుక్క పడుతుంటే చప్పట్లు కొట్టాను.

పీపాలో పోశాం. మధ్యాహ్నానికల్లా పలకల సందుల్లోంచి కారిపోతోంది. అన్న తల పట్టుకున్నాడు. ఊళ్ళో సారా కాచినవాడే గానీ, ఆయన మట్టికుండ తప్ప పీపా ఎరగడు. నాకు మా నాన్న పడవ గుర్తొచ్చింది.

"ఇదంతా బిందెలోకి తీసేసి నీళ్ళు పొయ్యన్నా."

"సారా పీపాలో నీళ్ళు పోస్తే ఇంగ దేనికి పనికొస్తాది?"

"ఎండిపోయిన పడవనేం జేత్తాం? నీళ్ళల్లో ముంచేత్తాం. చెక్క ఉబ్బి సందులు అయ్యే మూసుకుంటాయి."

మూడు రోజులు నానబెట్టాం. కారిపోయినదానికి మరో వాయి కాచి నింపితే, ఒక్క చుక్క బయటికి రాలేదు. ఆ పూట నా గర్వం చూడాలి! నాలుగు వారాలకి నీళ్ళలాంటి సారా తేనె రంగుకి తిరిగింది. ప్రతి మంగళవారం అన్న గంగమ్మకని ఒక గ్లాసు తీసి పెట్టేవాడు. దణ్ణం అయ్యాక దాన్ని నేనే తాగేదాన్ని. ప్రసాదమే కదా.

బస్సు వచ్చింది. డ్రైవరు రుచి చూసి, బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత పీపాని కింద నుంచి పైదాకా వేలితో కొట్టి చూశాడు. పైన బెత్తెడు మేర బోలుగా మోగింది. చెక్క తాగింది కొంత, నేను తాగింది కొంత.

"వాహెద్ నఫర్. ఖలాస్." ఒక్క మనిషికే, అంతే.

అన్న నా సంచి అందుకుని బస్సులో పెట్టాడు.

"నువ్వు పోమ్మా. నేను ఎట్లోకట్ల వస్తాలే."

ఎక్కి కూర్చున్నాను. మాటవరసకైనా, నువ్వెళ్ళన్నా అనలేదు. అంటే నిజంగానే ఎక్కేస్తాడేమోనని భయపడ్డాను.