చేత్తో చింపిన కరపత్రం

ఈ సాయంత్రం కిషన్‌బాగ్‌లో ఇల్లు చేరగానే నా రక్తం మరిగింది. నరకాగ్ని మీద నేను అచ్చు వేయించిన కరపత్రాలను నా బిడ్డ సారమ్మ చింపి, పసుపునీళ్లూ బట్టల నీలిమందూ అద్ది, తన పుస్తకంలో చనిపోయిన వాళ్లమ్మ ఫొటో చుట్టూ పువ్వులుగా అతికిస్తోంది. పుస్తకం లాక్కుని పొయ్యి దగ్గరికి నడిచాను.

"వాక్యాన్నే చింపుతవా? బైబిల్లో ప్రవక్త రాయించిన పుస్తకపు చుట్టను కోసి కాల్చిన రాజు గతి ఏమైంది?"

"ఆయన చాకుతోని కోసిండు బాపూ. నేను చేతితోని చింపిన. గట్ల చింపితేనే అంచుకు నూగు లేస్తది, రంగు పట్టుకుంటది. మరి ఇప్పుడు కాలుస్తున్నదెవరు?"

ఇరవై ఏళ్లుగా వాక్యం బోధిస్తున్నవాణ్ణి, పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి వచ్చాను. పుస్తకం తిరిగిచ్చి, పక్కన కూర్చుని నేనూ ఒక కరపత్రం చింపాను.

సోదరులారా, మీరైతే ఆ బిడ్డకు ఏ వాక్యం చూపేవారు?