ఎవరికీ తగలని వాక్యం

నగరి దగ్గర మరమగ్గాలు నడిపే మాకు రహస్యాలంటూ ఉండవు. పొద్దస్తమానం ఆ టకటకల మధ్య బతికి బతికి గొంతు తగ్గించడం మరిచిపోయాం. మా ఆవిడ చెవిలో నేను చెప్పిన మాట మూడో ఇంట్లో వినిపిస్తుంది. నేను మందిరానికి దూరమైంది ఈ గొంతు వల్లనే.

ఒక శనివారం కూరలో ఉప్పెక్కువైందని మా ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. మరునాడు మా పాస్టరయ్య వాక్యం దేని మీద చెప్పాడు? నాలుక మీద! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ఇల్లు మా మగ్గాల షెడ్డు వెనకే. నా అరుపులు విని, నాకే తగిలేటట్టు చెప్పాడని తీర్మానించుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం నేను. సోమవారం పొద్దున టీ అంగట్లో మొదలుపెట్టాను.

"ఈయనకు వాక్యం సెప్పేది రాదబ్బా! వారమంతా గోడకు సెవి పెట్టి ఇనేది, ఆదివారం మైకులో సెప్పేది. ఇదేనంట దేవుని పని!"

అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆపేశారు. తిరిగి చూస్తే పాస్టరమ్మ, చేతిలో పాల చెంబు. పాలు పోయించుకోకుండానే వెళ్లిపోయింది.

నాలుక మీద చెప్పిన వాక్యానికి నేనే సాక్ష్యమయ్యాను. తప్పని తెలుసు. ఊరంతా వినపడే ఈ నోరు, మన్నించమనే ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం పెగల్లేదు. రెండేళ్లు మందిరం గడప తొక్కలేదు. ఆదివారం మా ఆవిడను బండి మీద గేటు దాకా దింపేవాణ్ణి. పాస్టరయ్య గుమ్మంలోంచి "వందనాలప్పా!" అనేవాడు. నేను యాక్సిలరేటర్ తిప్పి, వినపడనట్టు వెళ్లిపోయేవాణ్ణి. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆదివారం వస్తే మాత్రం ఇంట్లో అన్నం సయించేది కాదు. ఇక ఆ బల్ల దగ్గర నాకు చోటు లేదని భయంగా ఉండేది.

మొన్న వేసవిలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. గోడ అవతల పాస్టరమ్మ ప్రార్థన వినిపించింది.

"ప్రభువా, పాలోళ్ల ఆవుకు జొరం తగ్గించు. మా మగ్గాలన్నను మళ్లా నీ బల్ల కాడికి పిలుసుకో, ఆయన గొంతు లేక పాటలు సప్పగా ఉండాయి. పాపతో లెక్కల పరీచ్చ బాగా రాయించు."

ఆవు జ్వరానికీ లెక్కల పరీక్షకీ మధ్య నేను! నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. అప్పుడు చూసుకున్నాను, నా చెవి గోడకు ఆనించి ఉంది.

మరునాడు చెంబు నిండా పాలతో వాళ్ల గుమ్మం ఎక్కాను. "అమ్మా, ఆ పొద్దు నేను కూసిన కూతకు నువ్వు పాలు లేకుండా పోతివి. తప్పు నాది, మన్నించు. గోడకు సెవి పెట్టింది గూడా నేనేనమ్మా."

ఆమె చెంబు అందుకుంది. "ఆ పొద్దు శానా ఏడ్సినానన్నా. మన్నించి గూడా శానా దినాలైంది. గేటు కాడ ఆయన పిలస్తానే ఉండాడు గదా! నీ బండి సప్పుడుకు నీకే ఇనపడ్లేదు."

బల్ల ఆదివారం నాడు వెళ్లి చివరి వరుసలో, చెప్పుల పక్కన కూర్చున్నాను. దారి తప్పి తిరిగొచ్చినవాడి మీద వాక్యం తప్పదనుకున్నాను. పాస్టరయ్య నన్ను చూశాడు. పేజీలు తిప్పాడు, మళ్లీ తిప్పాడు. చివరికి అరణ్యంలో దేవుడి గుడారానికి కట్టిన తెరల కొలతలు ఎత్తుకున్నాడు. పొడవు ఇన్ని మూరలు, వెడల్పు ఇన్ని మూరలు. జనం ఆవలించారు. నన్ను నొప్పించకూడదని, ఎవరికీ తగలని వాక్యం వెతుక్కున్నాడు పాపం. కానీ నేను నేతపనివాణ్ణి, తెరల గురించి చెబుతుంటే నిద్రెలా పడుతుంది? విడివిడిగా నేసిన తెరల అంచులను కొక్కేలతో కలిపితే అంతా ఒకటే గుడారమైందని ఆయన చెప్పేసరికి నా కళ్లు నిండిపోయాయి.

రొట్టె పళ్లెం పట్టుకొని ఆయన చివరి వరుసకొచ్చాడు. వంగి గుసగుసగా అడిగాడు.

"ఈ పొద్దు వాక్యం యాడా తగల్లేదు గదప్పా?"

నేనూ గుసగుసగానే చెప్పాననుకున్నాను.

"తగిలిందయ్యా!"

మందిరమంతా వెనక్కి తిరిగింది. ముందుగా నవ్వింది పాస్టరమ్మే. నేను రొట్టె తీసుకున్నాను.