పడమర చూస్తున్న మా తాత దగ్గరికి

మా తాతను సమాధి చేసినప్పుడు దిక్కు తప్పారని మాకు ముప్పై ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిసిన రోజు నుంచి మా అవ్వ సరిగ్గా అన్నం ముట్టలేదు. ఈ ప్రయాణానికి కారణం అదే. భువనగిరి నుంచి కొత్తకోట, అక్కడి నుంచి వాగు ఒడ్డున ఒక చిన్న ఊరు. ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా అంటే వచ్చాం, డెబ్బై ఎనిమిదేళ్ళ అవ్వను వెంటబెట్టుకుని మరీ. ఊరి పేరు మాత్రం రాయను. అవ్వ వద్దంది.

సంగతి తెలియని వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. మా క్రైస్తవుల్లో మనిషిని సమాధి చేసేటప్పుడు తల పడమరకు, పాదాలు తూర్పుకు పెడతారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడని, కడబూర మోగగానే సమాధిలోంచి లేచి కూర్చున్న మనిషి ఆయనకు ఎదురుగా ఉండాలని నమ్మకం. మా ఊరి దారి కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. ఊరు వాగుకు పడమటి వైపు, సమాధులు తూర్పు వైపు. పాదాలు ముందుకు ఉండేలా మోసుకెళ్ళి, వచ్చినది వచ్చినట్టే గుంతలోకి దించితే దిక్కు దానంతట అదే కుదురుతుంది. తాత పోయిన రోజు వాగు పొంగింది. మోసే నలుగురూ ఎక్కడో దూరంగా ఉన్న కల్వర్టు దాకా వెళ్ళి, చుట్టూ తిరిగి, తూర్పు వైపు నుంచి సమాధుల దగ్గరికి వచ్చారు. ఆడవాళ్ళు, పాస్టరయ్య ఇవతలి గట్టునే ఆగిపోయారు. ప్రార్థన కూడా ఆయన గట్టు మీద నుంచే గొంతెత్తి చేశాడట. అవతల ఆ నలుగురూ వానలో అలవాటు ప్రకారం వచ్చినది వచ్చినట్టే దించేశారు, పాదాలు పడమరకు వచ్చాయి. నెల తర్వాత మేస్త్రీ సిమెంటు సమాధి కట్టి, పద్ధతి ప్రకారం శిలువను పడమటి కొసన నిలబెట్టాడు. పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. లోపల తాత పడమర చూస్తున్నాడు.

ఈ మాట చెప్పింది బాలయ్య తాత. మోసిన నలుగురిలో ఒకడు, గొర్రెలు కాసే మనిషి, మా తాతకు ప్రాణ స్నేహితుడు. ఆయనది మా మతం కాదు కాబట్టి దిక్కుల సంగతి ఆయనకు తెలియదు. పోయినేడు ఊళ్ళో ఇంకెవరినో సమాధి చేస్తుంటే, పాదాలు తూర్పుకు ఎందుకో పాస్టరు చెప్పడం విన్నాడట. అప్పుడు గానీ తను చేసిందేమిటో తెలియలేదు. కొన్ని నెలలు లోపలే పెట్టుకుని, కంటి ఆపరేషన్‌కు వెళ్ళే ముందు రోజు అవ్వకు ఫోన్ చేసి చెప్పేశాడు.

ఇక్కడ నా గురించి ఒక మాట. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. నాలుగేళ్ళుగా సెలవు రోజుల్లో దైవశాస్త్రం చదువుతున్నాను, పోస్టులో పాఠాలు వస్తాయి. అన్నిటికంటే ఇష్టం ప్రవచనాలు. ఏ గుర్తు తర్వాత ఏ గుర్తు వస్తుందో రంగు పెన్నులతో పట్టిక గీసి గోడకు అంటించాను. దాన్ని చూసినప్పుడల్లా అవ్వ "మా టీచరమ్మ ప్రభువుకు కూడా టైంటేబుల్ ఏసింది" అంటుంది. అలాంటి నాకు అవ్వ భయం చిటికెలో పోగొట్టే విషయంలా కనిపించింది. దిక్కు పెట్టడం మనుషుల ఆచారమే, వాక్యంలో అలాంటి ఆజ్ఞ లేదు అని చెప్పాను. ఎముకల లోయ దర్శనం చెప్పాను. చెల్లాచెదురుగా పడి ఉన్న ఎండిన ఎముకల్ని లేపినవాడు ఏ ఎముక ఎటు తిరిగి ఉందో అడిగాడా? సముద్రం తనలో ఉన్న మృతుల్ని అప్పగిస్తుందని కూడా ఉంది కదా, నీళ్ళలో పోయినవాళ్ళకు తూర్పేది, పడమరేది?

అవ్వ అంతా విని ఒకటే మాట అంది. "సముద్రంల పడ్డోళ్ళ సంగతి ఆయన చూసుకుంటడు బిడ్డా. మీ తాత సంగతి నేను చూసుకోవాలె."

అసలు చిక్కు నాకు అప్పుడు అర్థమైంది. మా తాత ఊరూరా తిరిగి కాలువలు తవ్విన మనిషి. బండలు పేల్చే చోట పనిచేసి చేసి రెండు చెవులూ పోయాయి. పక్కన పిడుగు పడ్డా తల తిప్పేవాడు కాదట. "బూర ఊదితె ఇనపడదు. అటు మొకం పెట్టె, కనపడదు. అందరు లేసి పోతుంటె ఆయన ఒక్కడే అట్ల చూస్కుంట కూసుంటడు," అంది అవ్వ. ఆ రోజున చెవిటివాళ్ళ చెవులు తెరుచుకుంటాయని రాసి ఉందని నేను గుర్తు చేశాను. "తెరుచుకుంటయ్ సరే. లేసినంకనా, లేవకముందా?" అని అడిగింది. ఆ రాత్రి నా దగ్గరున్న వ్యాఖ్యానాలన్నీ తిరగేశాను. ఒక్కరూ దీని గురించి రాయలేదు.

ఒక్కసారి సమాధి దగ్గరికి తీసుకుపొమ్మని అవ్వ పట్టుబట్టడంతో, ఫిబ్రవరిలో రెండో శనివారం ఉదయం ఆరింటికి భువనగిరిలో బస్సెక్కాం. ఏడుంబావుకు ఉప్పల్, అక్కడ సిటీ బస్సు మారి ఎనిమిదిన్నరకు హైదరాబాద్ ఇమ్లిబన్ బస్టాండు చేరాం. తొమ్మిదింటికి కొత్తకోట మీదుగా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, జీరో టికెట్. మగవాళ్ళకు రెండు వందల పైచిలుకు అవుతుంది. ఆ జీరో టికెట్టును కూడా అవ్వ కొంగున ముడేసుకుంది. కిటికీ పక్క సీటు ఎడమ వైపు తీసుకోండి, మధ్యాహ్నం దాకా ఎండ తగులుతుంది గానీ షాద్‌నగర్ దాటాక గుట్టలు బాగా కనిపిస్తాయి. జడ్చర్లలో పది నిమిషాలు ఆపారు. టీ తెచ్చిస్తే రెండు గుక్కలు తాగి నాకిచ్చేసింది. రెండు వారాలుగా ఇదే వరస. చెంపలు లోపలికి పోయాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే ఆమె కూడా తాత దగ్గరికే పోతుందని నాకు నిజంగా భయం వేసింది.

పన్నెండున్నరకు కొత్తకోటలో దిగాం. ఊరు అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. ఆటో రానూపోనూ, ఆగడంతో కలిపి నాలుగు వందలు. ఆటో అన్న అద్దంలో చూస్తూ అడిగాడు.

"సమాధులకాడికా అవ్వా? ఏం కార్యం ఉన్నది?"

"కార్యం ఏం లేదు. మా ఆయనను కలువనీకి పోతున్న."

ఆ తర్వాత రోడ్డు మీద గుంతల దగ్గర అతను ఆటోను చాలా మెల్లగా పోనిచ్చాడు.

వాగులో చుక్క నీళ్ళు లేవు, ఆటో నేరుగా ఇసుక దాటి అవతలికెక్కింది. సమాధుల పక్కన బాలయ్య తాత నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ చేసిన కంటికి నల్లద్దాలు, భుజాన గొంగడి, చేతిలో గడ్డపార. ఆ గడ్డపార ఎందుకో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్ళి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. వీళ్ళిద్దరూ ఫోన్‌లో అన్నీ మాట్లాడుకున్నారు, నాకు చెప్పలేదు.

"తాతా, ఏందిది? సమాధి తవ్వుతారా?"

"తప్పు పెట్టింది నేను, సరిజేసేది నేనే బిడ్డా. ఫికర్ జెయ్యకు, జర పక్కకుండు."

"నీ కన్ను ఆపరేషన్ అయి నెల కూడ కాలె!"

"ఒక్క కన్నుతోని తవ్వుత."

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత లోపల ఏం మిగిలి ఉంటుంది, అవ్వ అది చూసి తట్టుకుంటుందా, ఊళ్ళో ఎవరైనా అడిగితే ఏం చెప్తాం, అన్నీ గట్టిగానే అడిగాను. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. అవ్వ చెప్పులు విడిచి, సమాధి మీద చెయ్యి పెట్టి, శిలువ దగ్గరికి వెళ్ళింది. ఏటా పూలదండ వేసేది అక్కడే. "గిన్నేండ్లు కాళ్ళకు దండేసినమా బాలయ్యా," అంది. బాలయ్య తాత తల దించుకున్నాడు. "వదినె, నీ కాళ్ళు మొక్కుత, ఆ దినం నాకు తెల్వదు," అన్నాడు.

ఎండకు నిలబడలేక అవ్వ శిలువ పక్కన, సమాధికి ఆనుకుని ఖాళీగా ఉన్న నేల మీద కూర్చుంది, తూర్పు వైపు ముఖం పెట్టి. "తల యాడున్నదో జర సూపియ్యి," అని అడిగింది. బాలయ్య తాత గడ్డపార పక్కన పెట్టి సమాధి రెండో కొసకు వెళ్ళాడు. "గీడ వదినె. గిట్ల పండవెట్టినం. లేసి కూసుంటె గిట్ల ఉంటడు," అంటూ అక్కడే నేల మీద కూర్చుని చూపించాడు, పడమర వైపు ముఖం పెట్టి.

ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. మధ్యన ఒక మనిషి పొడవంత దూరం.

అవ్వ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత కుడి చెయ్యి పైకెత్తి, మణికట్టు ఒక్కసారి తిప్పి, వేలుతో ఆయన వెనక్కి చూపించింది. బాలయ్య తాత వెంటనే వెనక్కి తిరిగి చూశాడు.

వెనక ఏమీ లేదు. కందిచేను, దాని మీద ఆకాశం.

అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. తాత చెవులు పోయాక ఇరవై ఏళ్ళు ఆమె ఆయనతో చేతులతోనే మాట్లాడిందట. అన్నానికి ఒక గుర్తు, పనికి పోదామంటే ఒక గుర్తు, వెనక ఎవరో వచ్చారు తిరిగి చూడు అంటే ఇది. "ఒక్కనాడన్న తిరుగకుండ ఉండలె ఆయన. నా చెయ్యి లేస్తె తిరుగుడే," అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నా వైపు తిరిగి, తను కూర్చున్న నేలను అరచేత్తో తట్టింది.

"నన్ను గీడ వెట్టుండ్రి. తల గిటు, కాళ్ళు అటు, అందరికి ఎట్ల పెడ్తరో అట్ల. ఆయన లేసి కూసుంటె నా మొకమే కనపడాలె. ఆయన ఎనుక ప్రభువు వస్తుంటె నేను చూస్త గద, చెయ్యి ఊపి చెప్త. బాలయ్యా, గడ్డపార ఇంటికి తీస్కపో."

భువనగిరిలో చర్చి పక్కన ఆమెకు స్థలం అనుకున్నాం. ఇంటికి దగ్గర, పిల్లలం ఎప్పుడంటే అప్పుడు వెళ్ళి రావచ్చు. అది వదులుకుని ఇంత దూరం వస్తానంటోంది. నాకు ఏడుపు ఆగలేదు. వాక్యం చెప్పడానికి వచ్చిన నేను ఆమె పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టాను. బాలయ్య తాత మాత్రం మాటల కంటే పని చూసే మనిషి, లేచి అడుగులతో ఆ జాగా కొలిచాడు. "సరిపోతది," అన్నాడు.

తిరుగు దారిలో కొత్తకోట రోడ్డు మీద ఒక చిన్న హోటల్లో ఆగాం. జొన్న రొట్టె, కోడికూర, ఇద్దరికీ కలిపి మూడు వందల లోపే. కట్టెల పొయ్యి మీద రొట్టెలు కొడుతున్న ఆమె చాలా మంచి మనిషి, అవ్వ మూడో రొట్టె అడిగేసరికి సంబరపడింది.

"ఎటు పోయొస్తున్నరు అవ్వా?"

"నా జాగా చూస్కొని వస్తున్న."

"ప్లాటా? ఈ రోడ్డుకు మస్తు రేట్లున్నయ్. ఏ మొకం?"

"తూర్పు మొకం," అని అవ్వ రొట్టె తుంచుకుంది. రెండు వారాల తర్వాత ఆమె కడుపు నిండా తినడం చూస్తూ నేను నా కూర సంగతి మరిచిపోయాను. నాలుగింటికి బస్సెక్కితే రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉన్నాం. నాయినకు విషయం చెప్పాను. ఆయన తల్లిని అడిగాడు, "మళ్ళ వాగు పొంగితే ఎట్లనే?" అవ్వ మంచం మీద నడుం వాలుస్తూ "నీళ్ళు తగ్గేదాక ఆగుండ్రి. నాకేం తొందర?" అంది.

నాలుగేళ్ళుగా ప్రవచనాల్లో నేను వెతికింది ఎప్పుడు అనే ప్రశ్నకు జవాబు. గుర్తులు, కాలాలు, గోడ మీద పట్టిక. అవ్వకు చదువు రాదు, ఎవరైనా చదివితే విన్నది, అంతే. కానీ ఆ ఉదయం వస్తుందని ఆమెకు ఎంత గట్టి నమ్మకమంటే, ఆ ఉదయం తను చేయాల్సిన పని కూడా నిర్ణయించుకుని పెట్టుకుంది. నాకు అంత నమ్మకం ఉందా అని బస్సులో నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఇంకా లేదు. కానీ లేచినప్పుడు ఎవరి ముఖం చూడాలో, ఎవరికి చెయ్యి ఊపాలో తెలిసిన మనిషి పక్కన ఐదున్నర గంటలు కూర్చుని వచ్చాను. ఆమె నా భుజం మీద నిద్రపోయింది, నేను కదలకుండా కూర్చున్నాను.

మీరూ మీ పెద్దవాళ్ళ సమాధులు చూడటానికి ఇలా ఊరెళ్తుంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. వాగులు ఎండి ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్ళండి, ఊళ్ళోకి వెళ్ళగానే సమాధి ఎక్కడుందని కాకుండా ఎవరు మోశారని అడగండి. మా తాతను మోసిన నలుగురిలో బాలయ్య తాత ఒక్కడే మిగిలాడు.